కొరియావాడిలా లేని కొరియావాడు

ఫిలిప్పీన్స్ దేశంలోని తలాబా బారంగాయ్ గ్రామ పౌరులందరికీ తెలియజేయునది ఏమనగా, డెల్ఫినా మగ్బన్వా తెచ్చుకున్న కొరియా ప్రియుడు కొరియావాడిలా లేడని ఆదివారం నాటి సభలో ఏకగ్రీవంగా తేలింది. డెల్ఫినా ఒక్కతే అభ్యంతరం చెప్పింది గానీ, ప్రేమించిన మనిషి కాబట్టి ఆమె మాట లెక్కలోకి రాదు. తీర్మానం రాసింది సభ కార్యదర్శినైన నేనే. దస్తూరీ నాది, తెలివితేటలు సభవి.

డెల్ఫినా మా ఆరోగ్య కేంద్రంలో మంత్రసాని. అతని పేరు గూ బోన్‌సూ, రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కు. వేలు తెగి కుట్లు వేయించుకోవడానికి వచ్చాడు. కుట్లు విప్పేశాక కూడా వస్తూనే ఉన్నాడు. ప్రేమ మొదలైన నూరో రోజున జంటలు పండగ చేసుకోవడం వాళ్ళ ఆచారమట. ఇద్దరూ ఒకేలాంటి పచ్చ చొక్కాలు వేసుకుని బజారుకు వెళితే, ఎన్నికల్లో ఏ పార్టీ తరఫున తిరుగుతున్నారని జనం అడిగారు. నెలాఖరుకు అతని ఉద్యోగ గడువు తీరిపోతుంది. డెల్ఫినా తండ్రి రెస్టిటూటో సరేనంటే పెళ్ళి, లేదంటే అతనొక్కడే విమానం ఎక్కాలి.

రెస్టిటూటోకు సొంత అభిప్రాయాలు ఉండవు. అవన్నీ ఆయన అక్క పసిటా దగ్గర ఉంటాయి. ఆవిడ పదహారేళ్ళుగా కొరియా సీరియళ్ళు చూస్తోంది. ఆ దేశానికి ఎన్నడూ వెళ్ళలేదు కాబట్టి ఆవిడ పరిజ్ఞానంలో కల్తీ లేదు. ఆవిడ లెక్క ప్రకారం కొరియావాడంటే ఆరడుగులు, తెల్లటి తెలుపు, తండ్రికి కనీసం ఒక కంపెనీ. నాలుగో భాగం దాకా నవ్వకూడదు. వానొస్తే గొడుగు పిల్లకు పట్టి తను తడవాలి.

ఆదివారం డెల్ఫినా ఇంట్లో జరిగిన సభకు బోన్‌సూ నవ్వుతూ వచ్చాడు. పొట్టివాడు, బొజ్జ ఉంది, రేవులో ఎండకు మాడి మా అందరికంటే నల్లగా ఉన్నాడు. కొరియా రంగు కోసం మా ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి ఒక సబ్బు రుద్దుకుంటున్నారు. అతన్ని చూడగానే కొందరికి సబ్బు మీద అనుమానం వచ్చింది గానీ, బాగా ఆలోచించి తప్పు మనిషిదేనని తేల్చుకున్నారు. సరిగ్గా అప్పుడే వాన పడింది. ఊరంతా కిటికీల దగ్గరికి పరిగెత్తింది. అతను డెల్ఫినా నానమ్మ కోసం తెచ్చిన కిమ్చీ పచ్చడి జాడీకి గొడుగు పట్టుకుని గబగబా లోపలికి వచ్చేశాడు. డెల్ఫినా తడుస్తూ పకపకా నవ్వింది.

తర్వాత భోజనాలు. అతిథి పళ్ళెం ఖాళీగా కనబడితే మాకు పరువు తక్కువ. పెద్దవాళ్ళు వడ్డించింది వదిలేస్తే కొరియావాళ్ళకు పరువు తక్కువ. నానమ్మ వడ్డిస్తుంది, అతను తినేస్తాడు, ఆవిడ మళ్ళీ వడ్డిస్తుంది. అయిదో పళ్ళేనికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. పక్కిళ్ళ నుంచి మూడు గిన్నెల అన్నం వచ్చింది. ఎనిమిదో పళ్ళెం దగ్గర నానమ్మ చెయ్యి నొప్పెట్టి గరిటె కింద పెట్టింది. ఇరుదేశాల సంస్కృతులూ అంతసేపు ఎదురెదురుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు పసిటా అడిగింది. "మీ నాన్నగారిది ఏ కంపెనీ బాబూ?"

"క్యాబేజీ పండిస్తారండీ."

క్యాబేజీకి మన దగ్గర కరువా, దానికోసం కొరియా దాకా పోవాలా అని ఆవిడ తమ్ముణ్ణి నిలదీసింది. "కొరియాలోనే పుట్టాడేమో, కాదనను. కానీ కొరియావాడిలా లేడు."

డెల్ఫినాకు ఏడుపొచ్చింది. "వరసగా నాలుగు కాన్పులు చేసి పస్తుతో కూర్చుంటే, జావ కాచి తెచ్చింది ఈయనే అత్తా. నీ సీరియల్లో వాడెవడైనా తెచ్చాడా?"

"పదకొండో భాగంలో తెచ్చాడు" అంది పసిటా. "వెండి గిన్నెలో."

తీర్మానం ఖాయమైంది. అటువైపు కూడా న్యాయం ఇంతే చక్కగా జరిగింది. బోన్‌సూ తల్లి ఫోన్‌లో డెల్ఫినాను చూసి, ఫిలిప్పీన్స్ పిల్లలందరూ గొప్పగా పాడతారట కదా, ఒక పాట పాడమంది. డెల్ఫినా పాడింది. ఆవిడ ఫోన్ చెడిపోయిందనుకుని రెండుసార్లు బల్లకేసి కొట్టి, ఈ పిల్ల ఫిలిప్పీన్స్ పిల్లలా లేదని తేల్చింది.

పిల్ల అన్నం మానేసేసరికి నానమ్మ కూడా మానేసింది. పసిటా మనసు కరిగి వాళ్ళిద్దరి ఫోటో పట్టుకుని స్టూడియోకు వెళ్ళింది. స్టూడియో అబ్బాయి బోన్‌సూను అడుగు పొడుగు చేసి, తెల్లగా కడిగి, బొజ్జ తీసేసి, చేతికి గొడుగిచ్చాడు. డెల్ఫినా చేతికి మైకిచ్చి, ముప్పై రెండు పళ్ళూ కనబడేలా నవ్వించాడు. ఒక ప్రతి కొరియా వెళ్ళింది, ఒకటి మా సభకు వచ్చింది. చూడగానే రెస్టిటూటో కళ్ళు తుడుచుకుని, ఇలాంటి అల్లుడు దొరకడం అదృష్టమన్నాడు. కాబోయే అత్తగారు కూడా ఈ పిల్లయితే సరేనని అదే రోజు కబురు పెట్టింది.

పెళ్ళినాడు అందరూ ఆ పటం పక్కన నిలబడి ఫోటోలు దిగారు. వధూవరులు అడ్డంగా ఉన్నారని కాస్త జరగమన్నారు. బోన్‌సూ జరిగాడు. డెల్ఫినా అతని చెయ్యి పట్టుకుని తండ్రితో అంది, "పెళ్ళి ఆ పటంలో వాళ్ళకు చేశారు, సంతోషం నాన్నా. కాపురం మాత్రం మమ్మల్ని చేసుకోనివ్వండి."

ఆ విన్నపం సభ పరిశీలనలో ఉంది.