చీటీ లేని కేకు

టకటక, టకటక, టక.

ముందు వినిపించింది ఆ చప్పుడే. బొంత ముసుగులో ఉన్న బాలశౌరికి లోకం ఇంకా కనిపించలేదు, వినిపించింది మాత్రమే. టకటకమంటే గిన్నెలో గుడ్లు గిలకొడుతున్నారని అర్థం. కాసేపు ఆగితే పంచదార పడుతోందని అర్థం. ఆగి, నిట్టూర్పు వినిపిస్తే, చలికి వెన్న గడ్డకట్టిందని అర్థం. ముసుగు తీయకుండానే ఇదంతా గ్రహించి, బాలశౌరి తృప్తిగా ఇటునుంచి అటు తిరిగి పడుకున్నాడు.

విజయవాడకు చలికాలం చుట్టపుచూపుగా వస్తుంది. వచ్చి మూడు వారాలు ఉంటుంది, పెట్టె సర్దుకుని వెళ్ళిపోతుంది. ఆ మూడు వారాల కోసమే బాలశౌరి మిగతా నలభై తొమ్మిది వారాలూ ఎండలో నడిచేవాడు. ఆయన ఆటోనగర్‌లో లారీ స్పేరు పార్టుల దుకాణంలో గుమాస్తా. ముప్పై వేల సామాన్లలో ఏ నట్టు ఏ అరలో ఉందో, దాని పేరేమిటో, అంకె ఏమిటో కళ్ళు మూసుకుని చెప్పగలడు. చీటీ కట్టని వస్తువు ఆయన దృష్టిలో వస్తువే కాదు. అటువంటి మనిషి ఆ ఏడు పండుగకు నాలుగు రోజులు సెలవు పెట్టి, క్రిస్మస్ ముందురోజు తెల్లవారగానే తన కార్యక్రమం ప్రకటించాడు.

"ఇదిగో! రాత్రి పూజకి తప్ప నేనీ బొంతలోంచి కదిలేది లేదు. కాఫీ ఇక్కడికే, పకోడీ ఇక్కడికే. కేకొస్తే అదీ ఇక్కడికే."

"కేకు దానంతటది నడిచొస్తుందేమిటండీ?" అంది వంటింట్లోంచి సంపూర్ణమ్మ.

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళుగా ఆమె ఆ ఇంట్లో 'ఇదిగో'. బాలశౌరి తల్లి బతికి ఉన్నంతకాలం, ఆమె ఎదుట భార్యను పేరు పెట్టి పిలవడానికి ఆయనకు మొహమాటం. తల్లి పోయాక మొహమాటం పోయింది, అలవాటు మిగిలింది. సంపూర్ణమ్మ సంగతి వేరు. భర్త పేరు పలకకూడదన్నది ఆమె పట్టింపు. డిసెంబరు మొదటి వారంలో ఫ్రాన్సిస్ శౌరివారి పండుగనాడు, ప్రార్థనలో ఆ పునీతుని పేరు రాగానే ఆమెకు దగ్గు వచ్చేది. ఆ దగ్గు విచారణ మొత్తానికీ, అంటే ఆ గుడికి వచ్చే వాళ్ళందరికీ, పరిచితం. "ఒక్క పేరు పలకడానికి ఇంత అవస్థా!" అని బాలశౌరి ఏటా నవ్వేవాడు.

ఈ ఏటి కేకు మామూలు కేకు కాదు. అత్తగారు ఉన్నన్నాళ్ళూ గిన్నె అత్తగారిది, గరిటె అత్తగారిది, మెప్పూ అత్తగారిదే. సంపూర్ణమ్మ వంతుకు ఎండుద్రాక్ష తొడిమలు తీసే పని వచ్చేది. ఆవిడ పోయిన తరువాత మూడేళ్ళు కొన్న కేకుతో పండుగ జరిగింది. ఈసారి కేకు తన చేత్తో తానే చేస్తానని ఆమె అంది. ఉయ్యూరు నుంచి చెల్లెలు హన్నా వెన్న పంపింది. రెండు నెలల రేషను పంచదార డబ్బాలో దాగింది, ఆ రెండు నెలలూ బాలశౌరి బెల్లం కాఫీ తాగాడు. కనుక ఆ కేకులో తన త్యాగం కూడా కలిసిందని ఆయన నమ్మకం.

కేకు కాల్చే పొయ్యి ఇళ్ళలో ఎవరికీ లేదు. వాళ్ళ పేట పటమటలో మరియదాసు బేకరీకి ఉంది. పండుగ ముందురోజు రొట్టెలు దించాక, ఆ ఇటుక పొయ్యిలో వేడి చల్లారకముందే అతడు పేటవాళ్ళ కేకులు కాల్చిపెడతాడు. డబ్బా మీద సుద్దముక్కతో పేరూ అంకే రాసుకుని, అంకె వేసిన చీటీ చేతికిస్తాడు. తీసుకునేటప్పుడు చీటీ ఉన్నవాళ్ళు అంకె కేకేయాలి, లేనివాళ్ళు పేరు కేకేయాలి. సాయంత్రం ఆరింటికి గుడి గంట మోగి ఆగేసరికి ఎవరూ అడగని డబ్బాలు అనాథాశ్రమం పిల్లలకు వెళ్ళిపోతాయి. అది మరియదాసు మొక్కు. దానికి మినహాయింపు లేదు.

పదింటికి సంపూర్ణమ్మ డబ్బా ఇచ్చి వచ్చి, చీటీని బొంతలోకి అందించింది.

"జాగ్రత్తండీ. సాయంత్రం నేను అరిసెల పాకం పెట్టుకుంటాను, మీరే వెళ్ళి తేవాలి. పొద్దున అక్కడేమైందంటే..."

"తర్వాత చెబుదువుగానిలే. చీటీల సంగతి నాకు చెప్పాలా?" అని బాలశౌరి దాన్ని దిండు కింద పెట్టాడు.

మధ్యాహ్నం పకోడీ తిన్నాక చుట్ట మీదికి మనసు పోయింది. అగ్గిపెట్టె వంటింట్లో ఉంది. వంటిల్లు పది అడుగుల దూరంలో ఉంది. నిప్పుల కుంపటి మాత్రం మంచం పక్కనే ఉంది. దిండు కింద చేతికి ఏదో కాగితం తగిలింది. దాన్ని నిప్పుకు ముట్టించి, చుట్టకు అందించి, హాయిగా రెండు దమ్ములు లాగాక చూస్తే, వేళ్ళ మధ్య మిగిలిన మసిముక్క మీద ఒక అంకె తోక కనిపించింది. అది ఏడు తోకో తొమ్మిది తోకో పోల్చేలోగా అదీ రాలిపోయింది.

భార్యను అడిగితే సరిపోయేది. కానీ ఇరవై రెండేళ్ళుగా చీటీల మాహాత్మ్యం బోధించిన నోటితో, చీటీతో చుట్ట కాల్చానని చెప్పడం ఎలా? 'పటమటలో నా పేరు తెలియనివాడెవడు?' అని సర్దిచెప్పుకుని, అయిదింటికి లేచాడు. బొంతలోంచి కదలనన్న మాట తప్పకుండా, దాన్ని భుజాల మీదుగా కప్పుకునే బయల్దేరాడు.

బేకరీ ముందు జనం ముసిరి ఉన్నారు. చీటీలు చూసి డబ్బాలు ఇవ్వవలసిన అమలమ్మ, అంటే మరియదాసు భార్య, పొద్దుటినుంచీ అరిచి అరిచి గొంతు పోయి, వేడినీళ్ళ కోసం ఇంట్లోకి వెళ్ళింది. గోడలోని కిటికీకి అవతల పొగ. పొగలో మరియదాసు. పొయ్యి హోరుకు అతనికి చెవులు సరిగా వినపడవు. "పన్నెండూ!" అని ఒకరు, "ఆమోసూ!" అని ఒకరు కేకలేస్తున్నారు. బాలశౌరి కూడా ఏ సంకోచమూ లేకుండా, గుండెల నిండా గాలి పీల్చి, "బాలశౌరీ!" అని కేకేశాడు. మరుక్షణం ఒక వేడి డబ్బా కిటికీలోంచి బయటికి వచ్చింది. దాన్ని చూడనైనా చూడకుండా, పొట్ట వెచ్చగా ఉంటుందని బొంత లోపలికి దోపుకుని, ఇంటిదారి పట్టాడు.

ఆ పేటలో శౌరివారి మీద భక్తికి కొదవ లేదు, సందుకొక బాలశౌరి ఉన్నాడు. పక్కసందు బాలశౌరి పోలీసు శాఖలో జమేదారుగా చేసి రిటైరయ్యాడు. ఆయన చీటీ పట్టుకుని వచ్చి అంకె కేకేస్తే, ఆ అంకె ఉన్న డబ్బా లేదని తేలింది. పాలకేంద్రం దగ్గర 'కేకు మారింది' అన్న వార్త సైకిలు షాపు దగ్గరికి 'కేకు పోయింది' అయింది. సందు మలుపు చేరేసరికి 'బొంత కప్పుకున్నవాడు ఎత్తుకుపోయాడు' అయింది.

"ఆగవయ్యా! ఆ బొంతలో ఏముంది?" అని వెనకనుంచి జమేదారు గర్జించాడు.

"కేకండీ."

"ఎవరిది?"

"బాలశౌరిది."

"బాలశౌరిని నేను!"

"నేనూ బాలశౌరినేనండీ."

"చీటీ ఏదీ?"

బాలశౌరి బొంతలోంచి డబ్బా బయటికి తీశాడు. జమేదారు తన చీటీ తీసి డబ్బా మీది అంకెతో పోల్చాడు. రెండూ ఒకటే. చుట్టూ జనం గుమికూడారు. సరిగ్గా అప్పుడే ఒక స్కూటరు ఆగింది. దిగిన మనిషి అచ్యుతరామారావుగారు, బాలశౌరి పనిచేసే దుకాణం యజమాని.

"ఏమోయ్ బాలశౌరీ, నిన్నెవరో పట్టుకున్నారటగా? సైకిలు షాపులో చెప్పారు."

"కేకు మారిందండీ, అంతే."

"మారడమా, నీ చేతిలోనా? ముప్పై వేల పార్టుల్లో ఒక్క నట్టు తప్పు ఇవ్వని మనిషయ్యా!" అని ఆయన జమేదారుకు హామీ ఇచ్చి, తానూ వెంట నడిచాడు. అందరూ ఊరేగింపుగా బేకరీకి చేరేసరికి ఆరుకు పావుగంట తక్కువ. జమేదారు డబ్బా జమేదారుకు చేరింది. వచ్చిన జనం మాత్రం కదలలేదు. అనాథాశ్రమం రిక్షా వచ్చి గుమ్మం పక్కన ఆగింది.

అమలమ్మ మెడకు తుండుగుడ్డ చుట్టుకుని వచ్చింది. ఆమె గొంతు గుసగుసకు మించి లేవడం లేదు.

"చీటీ అన్నయ్యగారూ?"

"కాలిపోయిందమ్మా."

"అయితే పేరు కేకెయ్యండి."

"వేశాగా! జమేదారుగారిది వచ్చింది. మరి మాది మా నాన్న పేరున ఇచ్చిందేమో. శౌరయ్యా!"

"శౌరయ్యది మధ్యాన్నమే పట్టుకుపోయారు!" అని పొగలోంచి జవాబు వచ్చింది.

"మా అబ్బాయి పేరేమో. అంతోనీ!"

"అంతోనీలు నలుగురు! నలుగురూ పట్టుకుపోయారు!"

అమలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "అట్లా కాదు అన్నయ్యగారూ. పొద్దున మీ పేరు చెప్పమంటే అక్కయ్యగారు దగ్గారు. నాలుగుసార్లు అడిగా, నాలుగుసార్లూ దగ్గారు. వెనక ముప్పై మంది నుంచునున్నారు. 'నీకూ ఒక పేరుంది కదమ్మా, అదే చెప్పు' అన్నా. ఆవిడ పేరునే రాశాం. అది కేకెయ్యండి."

జనం నవ్వారు. బాలశౌరి కూడా నవ్వబోయి, కిటికీ వైపు తిరిగి, నోరు తెరిచాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. చెవుల కొసలు ఎర్రబడ్డాయి. డిసెంబరు సాయంత్రం ఆయనకు బొంతలో చెమట పట్టింది.

అచ్యుతరామారావుగారు కంగారుపడ్డారు. "మీ ఆవిడ పేరేమిటోయ్?"

బాలశౌరి బొంత అంచు సవరించుకున్నాడు.

"తెలీదా?"

"తెలుసండీ."

"మరి చెప్పవేం?"

"అలవాటు లేదండీ."

"పోనీ నా చెవిలో చెప్పు, నేను కేకేస్తా."

బాలశౌరి ఆయన చెవిదాకా వంగాడు. పటమట బజారులో తన భార్య పేరును తన యజమాని కేకేయడం ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు. "వద్దులెండి" అని ఆ చెవిలోనే చెప్పి నిటారుగా నిలబడ్డాడు.

"పెన్సిలుందమ్మా, రాసిస్తాను."

"లోపల చీకటి, పొగ. సుద్దరాత తప్ప ఆయనకేదీ ఆనదు. కాగితం కాదండీ, గొంతు కావాలి" అని అమలమ్మ గుసగుసగా అంది. ఆమె కళ్ళలో జాలి ఉంది గాని, సహాయం లేదు.

అంతలో గుడి గంట మొదలైంది. ఒక్కొక్క మోతకూ ఒక్కొక్క డబ్బా కిటికీలోంచి దిగి రిక్షాలోకి చేరుతోంది. వెన్నతో, ఏలకులతో, వేగిన జీడిపప్పుతో గాలి బరువెక్కింది. రెండు నెలల బెల్లం కాఫీ బాలశౌరికి జ్ఞాపకం రాలేదు. తెల్లవారుజామున బొంత ముసుగులో విన్న చప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఆగని ఆ చెయ్యి జ్ఞాపకం వచ్చింది. ఎన్నేళ్ళకో ఆ చేతికి గిన్నె అందింది. ఇప్పుడు తాను ఉత్తచేతులతో వెళ్తే ఆమె ఒక్క మాట అనదు, "పోనీలెండి" అంటుంది. ఆ పోనీలెండి తలుచుకుని ఆయన కిటికీకి దగ్గరగా జరిగాడు.

"సంపూర్ణమ్మ" అన్నాడు. దోమ కూడా అంతకంటే గట్టిగా అంటుంది.

"వినపళ్ళా!" అన్నాడు మరియదాసు.

"సంపూర్ణమ్మా!"

"ఎవురూ?"

బాలశౌరి బొంతను తీసి అచ్యుతరామారావుగారి చేతిలో పెట్టాడు. రెండు చేతులూ నోటికి దోసిలి పట్టాడు. ముప్పై వేల పేర్లు మోసిన గొంతుతో, అందులో లేని ఆ ఒక్క పేరును, రిక్షా మీదుగా, కిటికీలోంచి, పొయ్యి నోటిదాకా వినిపించేలా పిలిచాడు.

"సంపూర్ణమ్మా..!"

బజారు నిశ్శబ్దమయింది. గంట కూడా అక్కడితో ఆగింది. గుంపులోని మగవాళ్ళలో సగంమంది నేల చూపులు చూశారు, ఒకరిద్దరు పెదవులు మాత్రం కదిపి ఏదో సాధన చేశారు. జమేదారు మీసం దువ్వుకుంటూ మరో దిక్కు చూశాడు.

"మొదటిసారే గట్టిగా అనచ్చుగా!" అంటూ మరియదాసు కిటికీలోంచి తల బయటపెట్టి, ఒక డబ్బా అందించాడు. "అన్నిటికంటే బాగా పొంగింది ఇదే. ఈ సంపూర్ణమ్మ ఎవరా అని పొద్దుటినుంచీ అనుకుంటున్నా."

"మా ఆవిడే" అన్నాడు బాలశౌరి. ఆ మాట పలకడానికి ఆయనకు ఏ కష్టమూ కలగలేదు, కానీ గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

బొంత సగం భుజం మీద, సగం నేల మీద వేలాడుతుండగా, కాలుతున్న డబ్బాను రెండు చేతులతో పట్టుకుని ఆయన ఇల్లు చేరాడు. చలిగాలికి తలుపు వేసి ఉంది. రోజూ అయితే గొళ్ళెం చప్పుడు చేస్తాడు. ఇవాళ ఖాళీ చెయ్యి లేదు. ఒక క్షణం తటపటాయించి, వచ్చిన విద్యను వదలడమెందుకని, ఆ బొంగురు గొంతుతోనే పిలిచాడు.

"సంపూర్ణం!"

లోపల గరిటె చప్పుడు ఆగింది. అడుగులు తలుపుదాకా వచ్చి, తలుపు తీయకుండానే నిలిచాయి. అవతలినుంచి, పరాయివాళ్ళతో మాట్లాడే మర్యాదతో, జవాబు వచ్చింది.

"మావారు ఇంట్లో లేరండీ. ఎవరొచ్చారని చెప్పమంటారు?"

బాలశౌరి తలుపుకు ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

"బాలశౌరి వచ్చాడని చెప్పండి" అన్నాడు.