ఎల్మోన్ ఎక్కడుంటాడో రాసిన కాగితం

ఏటి మీది కాలివంతెనను వరద ఎత్తుకుపోయిన ఏడాది జరిగింది ఇది. ఆ వరదలో ఖోజా వాళ్ల ఆవు కూడా పోయింది.

నిజానికి అది ఎల్మోన్ ఖోజా ఆవు కాదు, అతని భార్య మాజుంగుది. కూతురి పెళ్లిలో పెళ్లికొడుకు వాళ్లు పిల్ల తల్లికని విడిగా తోలుకొచ్చిన ఆవు. అలాంటి ఆవు మీద మొగుడికి అజమాయిషీ ఉండదు, మేపే పని మాత్రం ఉంటుంది. వరద రోజున ఎల్మోన్ దాన్ని ఏటి ఒడ్డున వదిలి కాస్త కునుకు తీశాడు. లేచేసరికి ఏరు ఉంది, ఆవు లేదు.

మాజుంగు అరవలేదు. మర్నాటి నుంచి అతని టీలో పాలు పోయడం మానేసింది. ఇంట్లో పాలు లేని మాట నిజమే. కానీ తన టీలోకి మాత్రం పొరుగింటి ఫికిలే దగ్గర గరిటెడు అడిగి తెచ్చుకునేది, అతని ఎదురుగానే కూర్చుని తాగేది.

మూడు నెలలు నల్ల టీ తాగాక ఒక పొద్దున ఎల్మోన్ నోరు విప్పాడు. అతను రైలుపట్టాల పని చేసి రిటైరైనవాడు. ముప్పై ఏళ్లు పట్టాల మీద సుత్తి చప్పుడు విన్నాక మాటల చప్పుడు అనవసరమనిపించింది.

"ఫోను కొంటా."

"ఉన్న ఫోను మోగినా తియ్యవు."

"బొమ్మలు కనపడే ఫోను. దొరికిన పశువుల ఫొటోలు అందులో పెడుతున్నారంట."

మాజుంగు కప్పు కింద పెట్టింది. రొక్కం ఇచ్చి కొనాలంటే ఎద్దును అమ్మాలి. ఆవు కోసం ఎద్దును పోగొట్టుకోవడం ఇద్దరికీ నచ్చలేదు. కాంట్రాక్టు మీదయితే ఫోను ఇవాళే చేతికిస్తారు, రెండేళ్లపాటు పింఛనులోంచి నెలనెలా కోసుకుంటారు. ఆమె రెండు రేకు కప్పులూ చిక్కుడు గింజల సంచీ తెచ్చింది. మేలుకు తెల్ల గింజ, కీడుకు ఎర్ర గింజ.

"ఇవాళే చేతికొస్తుంది," అన్నాడు ఎల్మోన్. తెల్లది పడింది.

"రెండేళ్లు వదలదు." ఎర్రది పడింది. "ఏట్లో పడిపోయినా వదలదు." ఇంకో ఎర్రది. "నీకేమో ఏట్లో పడేసే అలవాటుంది." మరొకటి.

"అది ఒకసారి వేశావు."

"నువ్వు చూస్తూ కూర్చో."

ఎల్మోన్ కాసేపు చూశాడు. "ఆవు దొరకొచ్చు."

ఆమె చెయ్యి సంచీలోనే ఆగింది. తర్వాత గుప్పెడు తెల్ల గింజలు తీసి కప్పులో పోసింది. రెండు కప్పులూ కుండలో కుమ్మరించి నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది. "ఇవి ఉడికేలోపు పోయిరా."

కాంట్రాక్టుకు మనిషి ఎక్కడ ఉంటాడో కాగితం కావాలి. ఆ కొండల్లో వీధులకు పేర్లు లేవు, ఇళ్లకు నంబర్లు లేవు. కాబట్టి ఊరిపెద్ద, అంటే ఇండూనా, రాసి ముద్ర కొట్టాలి. ఇండూనా తన కారు షెడ్డులో బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఎల్మోన్ వెళ్లి, "నేనెక్కడుంటానో రాసివ్వు పెద్దాయనా," అన్నాడు. ఇండూనా రాస్తున్నాడు. మేక తగువు చెప్పుకోవడానికి వచ్చిన ఫికిలే వెనకే నిలబడి ఉంది.

"కాగితం దేనికి బావా?"

"టౌనుకి."

"ఎవరడిగారు?"

"టౌన్లో వాళ్లు."

"వరదలో నీకేం పోయింది, ఆవే కదా?"

"ఆవే."

ఇంకొక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఎల్మోన్ ఆ మాట మిగుల్చుకున్నాడు. ఫికిలే మేక తగువు అక్కడే వదిలేసి కొండ దిగింది. గంటలో షెడ్డు ముందు నలభై మంది. వరద సాయం ఇస్తున్నారు, ఖోజాకు ముందే తెలిసింది, చూశారా ఆ మూగదొంగ, ఎవరికీ చెప్పకుండా ముందుగా వచ్చేశాడు.

"మాకెందుకు చెప్పలేదు?" అని ఇండూనాను నిలదీశారు.

తన ఊరికి సాయం వస్తే ఆ సంగతి తనకే తెలియదని ఏ ఇండూనా ఒప్పుకుంటాడు? ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. "పైనుంచి కబురొచ్చింది. ఇవాళ చెబుదామనే కూర్చున్నా. వరసలో రండి." ఎల్మోన్ కాగితం కూడా వెనక్కి తీసుకుని, ఆవు రంగూ కొమ్మూ అడిగి కింద చేర్చాడు. ఎవరికి ఏం పోయిందో కాగితం కాగితానికీ రాశాడు. ఇరవయ్యో మనిషి దగ్గర సిరా మెత్త ఎండిపోయింది. ఇండూనా భార్య పళ్లెంలో ఉడికిన బీట్‌రూట్ రసం తెచ్చి పెట్టింది. మిగతా సగం ఊరు గులాబీరంగు ముద్రతో బయలుదేరింది.

మూడు టాక్సీ వ్యానులు నిండాయి. ఎల్మోన్‌ను బలవంతాన ముందు వ్యానులో డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. దారి తెలిసినవాడు కదా. ఎవరో పాట ఎత్తుకున్నారు. అతను రెండుసార్లు నోరు తెరిచాడు గాని, పాట ఆగలేదు.

టౌన్లో అతను ఫోన్ల దుకాణంలోకి నడిస్తే ఊరంతా వెనకే నడిచింది. "ఫోన్ల కొట్టేమిటి?" అని ఎవరో అన్నారు గాని, "ఈ రోజుల్లో సర్కారు ఏదైనా ఫోన్లోనే ఇస్తుంది," అని ఫికిలే నోరు మూయించింది.

బల్ల వెనక పిల్ల లేచి నిలబడింది. "అందరూ కాంట్రాక్టుకేనా నాన్నా?"

"ఏది ఇస్తే అదే తల్లీ," అన్నాడు ఇండూనా.

నెలకు పది కాంట్రాక్టులు చెయ్యమంటే నాలుగు చేసిన పిల్ల అది. దేవుడు తన మొర విన్నాడనుకుని పత్రాలు పంచింది. 'మీకు కావలసినది' అన్న చోట ఫికిలే 'పైకప్పు రేకులు ఇరవై, మేక ఒకటి' అని రాసింది. అయిదో పత్రం చదివేసరికి పిల్ల ముఖం మారింది.

"అత్తా, ఇక్కడ ఫోన్లే ఉంటాయి. మేకలు ఉండవు."

అన్ని తలలూ ఎల్మోన్ వైపు తిరిగాయి. "మమ్మల్ని ఎందుకు తోలుకొచ్చావు?" అంది ఫికిలే.

"నేను ఫోనుకొచ్చా. మీరెందుకొచ్చారో తెలీదు."

అతని జీవితంలో అంత పొడుగు మాట వాళ్లెవరూ విని ఉండలేదు. టాక్సీ కిరాయి ఎవరు కడతారని ఒకడు, ఇతని ఎద్దును తోలుకుపోదామని ఒకడు. ఎద్దు మాట వినగానే ఎల్మోన్‌కు టీ గుర్తొచ్చింది. ఆవు లేక నల్ల టీ తాగుతున్నాడు. ఎద్దు కూడా పోతే మాజుంగు నీళ్లయినా పోస్తుందా?

అందరికంటే ఎక్కువ చెమటలు పట్టింది ఇండూనాకు. పైనుంచి కబురొచ్చిందని చెప్పినవాడు ఆయనే. కిటికీలోంచి చూస్తే రోడ్డుకు అవతల మునిసిపల్ ఆఫీసు కనబడింది. కర్ర పైకెత్తాడు. "ఇక్కడ నీడకు ఆగాం, అంతే. అసలు పని అక్కడ. ఖోజా, ముందు నడు."

ఎల్మోన్ నడిచాడు. వద్దనే మాట అయిపోయింది అతని దగ్గర.

ఆఫీసులో వరద గది తలుపు తెరిచే ఉంది. అందులో ఒక లావుపాటి ఆవిడ ఒంటరిగా ఉన్ని స్వెట్టరు అల్లుకుంటోంది. గులాబీ ముద్ర కాగితం చేతికి రాగానే అల్లిక పక్కన పడేసింది.

"ఏ ఊరు మీది?"

ఇండూనా చెప్పాడు.

"మూడు నెలలుగా మీ ఊరి జాబితా కోసమే చూస్తున్నా. ఎప్పుడు పంపుతారండీ?"

"మీరు వస్తారని మేం చూస్తున్నాం."

"ఇంకో వారమైతే మీ ఊరికి నష్టమే లేదని పుస్తకం మూసేసేదాన్ని. ఇవ్వండి, ఇవ్వండి." ఆవిడ ఒక్కో కాగితం పైకి చదువుతూ ఎక్కించుకుంది. "ఫికిలే, పైకప్పు, మేక. రేకుల లారీ గురువారం వస్తుంది." గుంపులోంచి ఒక హోరు లేచింది. ఎద్దును తోలుకుపోదామన్నవాడే ఎల్మోన్ వీపు తట్టాడు. "ఖోజా, ఎల్మోన్. ఆవు ఒకటి. పక్కలు నలుపు, వీపు పొడుగునా తెలుపు, ఎడమ కొమ్ము చెవి మీదికి వంగింది..."

మూల బెంచీ మీద కూర్చున్న ముసలాయన గబుక్కున లేచాడు. ఏటి అవతలి ఒడ్డువాడు, పేరు శాంగాసె. "ఆ పీడ మీదేనా? దాని మీద ఫిర్యాదు ఇవ్వడానికే పొద్దుట్నుంచి కూర్చున్నా. మూడు నెలల్లో నా మొక్కజొన్నంతా మేసింది."

జేబులోంచి ఫోను తీసి చూపించాడు. ఆవు నున్నగా, దర్జాగా ఉంది. "రోజూ దీని ఫొటో పెడుతున్నా. మీ ఒడ్డున ఒక్కడికీ ఇలాంటి ఫోను లేదా?"

"లేదు," అన్నాడు ఎల్మోన్. అతని వేలు ఆవు వీపు మీది తెల్లచారను నిమిరింది. ఫొటో జరిగిపోయి శాంగాసె భార్య వచ్చింది. వేలు తీసేశాడు.

"మొక్కజొన్న మాటేమిటి మరి?" అన్నాడు ఇండూనా.

శాంగాసె ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "పాలు నేను తాగాన్లే. చెల్లుకు చెల్లు."

పొద్దు వాలేవేళకు చుట్టుదారిన రోడ్డు వంతెన మీదుగా ఆవు ఊళ్లోకి నడిచొచ్చింది. ముందు ఇండూనా, వెనక పాటపాడే ఊరు, నడుమ తాడు పట్టుకుని ఎల్మోన్. మాజుంగు గుమ్మంలో నిలబడి చూసింది. దగ్గరికొచ్చి వంగిన కొమ్మును పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"ఫోనేదీ?" అంది చివరికి.

"తేలేదు."

"గింజలు ఉడికాయి. రా, తిందువుగాని."

మర్నాడు పొద్దున ఎల్మోన్ తెల్లటి టీ రెండు కప్పులు తాగి, ఇండూనా దగ్గరికి వెళ్లి, ఆవు ఎక్కడ ఉంటుందో రాసి ముద్ర కొట్టించుకుని వచ్చాడు. 'ఈ ఆవు మాజుంగు ఇంట నివసిస్తుంది' అని ఉంది అందులో. కింద కొంచెం చోటు మిగిలితే ఇండూనా ఇంకో ముక్క చేర్చాడు: 'ఎల్మోన్ కూడా.'