జీవులు స్వయంగా హాజరు కావలెను

ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, ఊరి చివరి చిట్టడవిలో వంద రకాల జీవులున్నట్లు ఆదివారం సాయంత్రం అయిదింటిలోగా రుజువైతే దానిని అడవిగానే ఉంచాలనీ, ఒక్కటి తగ్గినా చదును చేసి కార్లు నిలుపుకోవడానికి ఇవ్వాలనీ మా పురపాలక సంఘం తీర్మానించింది. గెలిస్తే గాలి, ఓడితే పార్కింగు. ఊరికి ఎటు చూసినా లాభమే.

ఇంత చల్లని తీర్మానం విని కూడా నిద్రపట్టని మనిషి ఒక్కరే ఉన్నారు. ఆమె రిటైరైన సైన్సు టీచరమ్మ. ముప్పయ్యేళ్లుగా రోజూ పొద్దున్నే ఆ అడవిలో తిరిగి, మూడువందల పన్నెండు రకాలను గుర్తుపట్టి నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. భర్త పోయాక తనను రోజూ పలకరించేది ఆ పిట్టలేనని చెప్పుకునేవారు. ఆ పుస్తకాలు చంకన పెట్టుకుని ఆఫీసుకు వెళితే గుమాస్తా మర్యాదగా తిరగేశాడు.

"చేతిరాత ముత్యాల్లా ఉందమ్మా. కానీ ఒక్కదానికీ సంతకం లేదే!"

"పిట్టల సంతకమా నాయనా?"

"అబ్బే, అధికారులదండీ. ముగ్గురు చూడాలి. ఫారం నింపేదాకా ఆ జీవి కదలకూడదు."

ఫారం నాలుగు పేజీలు.

ఆదివారం ఊరంతా అడవికి తరలివచ్చింది. చైర్మన్‌గారు మైకు అందుకుని, "ఈ అడవి నా ప్రాణం! ఎక్కడుందో తెలియకే ఇన్నాళ్లూ రాలేకపోయాను!" అన్నారు. ఆ గొంతుకు చెట్ల మీద ఉన్న సగం జీవవైవిధ్యం లేచిపోయింది.

మిగిలినవాటిని టీచరమ్మ ఒక్కొక్కటే చూపించారు. లకుముకి పిట్ట రెండో పేజీదాకా ఓపికగా కూర్చుని, చేప కనబడగానే నీళ్లలోకి దూకింది. గైర్హాజరు. గుడ్లగూబ పనివేళలు ఆఫీసు వేళలతో కుదరలేదు. వలస కొంగల దగ్గర స్థానిక నివాస ధ్రువపత్రం లేదు. గొంగళిపురుగు, సీతాకోకచిలుక అనే రెండు పేర్లతో ఒకే జీవి లబ్ధి పొందజూస్తోందని కనిపెట్టి రెండింటినీ కొట్టేశారు. ఊసరవెల్లి కదలకుండానే ఉంది గానీ, రంగు రాయాల్సిన గడిలో మూడు దిద్దుబాట్లు పడటంతో ఫారం చెల్లకుండా పోయింది. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లను చూశాం. మావాళ్లు నిజాయితీపరులు, దొరకలేదు కనుక కుందేలే లేదన్నారు. నాలుగు పేజీలూ నిలకడగా ఉన్నది నత్త ఒక్కటే. సంతోషం పట్టలేక అందరూ చప్పట్లు కొట్టారు. అది కాస్తా లోపలికి ముడుచుకుంది. "ఖాళీ ఇల్లు" అని నమోదు చేశారు.

చెట్లూ మొక్కలూ మాత్రం బుద్ధిగా నిలబడ్డాయి. నాలుగున్నరకు లెక్క ఎనభై ఎనిమిది. ఇంకా పన్నెండు కావాలని టీచరమ్మ పొద పొదనూ వెతుకుతున్నారు.

అప్పుడే చైర్మన్‌గారు ముళ్లపొద వైపు వేలు చూపి ఆనందంతో ఎగిరి గంతేశారు. "అదిగో తెల్లపిట్ట! ఎంత వినయం! కదలటమే లేదు!"

అది ప్లాస్టిక్ సంచీ. నాలుగు పేజీలూ నింపినా కదల్లేదు. ముగ్గురూ సంతకాలు చేశారు. అక్కడినుంచి అధికారులకు పూనకం వచ్చింది. అరిగిన టైరు నల్ల తాబేలైంది. తెగిన పైపు నీలి పాము. తెగిపోయిన చెప్పు ఏదో అరుదైన కప్ప. ఇరవై అయిదు నిమిషాల్లో పన్నెండు కొత్త జీవులు! ఇక నిపుణురాలిగా టీచరమ్మ సంతకమే తక్కువ.

"అది సంచీ నాయనా," అన్నారు టీచరమ్మ.

"చైర్మన్‌గారు పిట్ట అన్నాక సంచీ ఎలా అవుతుందమ్మా?" అని గుమాస్తా ఆమె చెవిలో నెమ్మదిగా అన్నాడు. "అయిదవుతోంది. మీకు నిజం కావాలా, అడవి కావాలా?"

ముప్పయ్యేళ్లలో ఒక్క తప్పు పేరు రాయని చేత్తో ఆమె పన్నెండు సంతకాలు చేశారు. తర్వాత పక్కనున్న రాయి మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. అవి నవ్వు నీళ్లేనని అందరం అనుకున్నాం.

అడవి నిలిచింది. చుట్టూ కంచె వేసి, జాబితాలోని జీవుల జోలికి ఎవరూ పోరాదని బోర్డు పెట్టారు. మర్నాడు పొద్దున టీచరమ్మ వెళ్లేసరికి ముళ్లపొదలో పిగిలిపిట్ట ఒకటి ఆ సంచీలో కాలు చిక్కుకుని కొట్టుకుంటోంది. ఆమె సంచీని చింపి పిట్టను వదిలేశారు. కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు.

"ఎంత పని చేశారమ్మా! అది రక్షిత జీవి. మీరే కదా సంతకం పెట్టింది!"

అరుదైన తెల్లపిట్టను చంపిన నేరానికి ఆమెను ఇక అడవిలో అడుగు పెట్టనివ్వరాదని ఉత్తర్వు వచ్చింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే కంచె బయట నిలబడి చెవి ఒగ్గి వింటారు. ఆవిడ మీద మాకు కోపమేమీ లేదు. పోయిన ఒక్క తెల్లపిట్టకు బదులు ఊరివాళ్లం వందలు వదిలాం, మంద దినదినాభివృద్ధి చెందుతోంది. మీరూ ఓసారి వచ్చి చూడండి. మీకు ప్రత్యేకంగా చెప్పాల్సిందేముంది, వెళ్లిన ప్రతి చోటా ఒకటో రెండో వదిలి రావడం మీకు అలవాటే కదా.