కుందేలు తోక, నలభై గంతులు

ఒక పెద్ద అడవిలో, తూర్పు కొండ నుంచి పడమటి వాగు దాకా, అడవి మొత్తానికీ ఒకటే పెద్ద బాట ఉండేది. అక్కడి జంతువులు ఒకదాన్నొకటి తినడం అనాగరికమని తీర్మానం చేసుకుని ఎప్పుడో మానేశాయి. తొక్కడం గురించి మాత్రం ఏ తీర్మానమూ చేసుకోలేదు.

బాట మీద నిమిషానికి అరవై గంతులకు మించి పరుగెత్తకూడదని ఒక పాత బోర్డు ఉండేది. దాని మీద పిచ్చుకలు గూడు కట్టుకున్నాయి. అంతకుమించి దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

బాటకి ఈవల కుందేలు ముత్తెమ్మ కాపురం. ఆవల ఆమె పిల్లలు మేసే గరిక. రోజూ పొద్దున్నే నలుగురు పిల్లల్ని వెంటేసుకుని దాటాలి. ఒకరోజు కొండ మీంచి జోరుగా దిగిన అడవిదున్న ఆఖరి పిల్ల వెనక్కాలు తొక్కేసి పోయింది. ఆగి చూడనైనా లేదు. పిల్ల బతికింది గాని, కుంటిదైపోయింది.

ముత్తెమ్మ ఏడ్చుకుంటూ మంత్రి నక్క దగ్గరికి వెళ్లింది. "అయ్యా, ఆ పరుగులు కాస్త తగ్గించండి. ఇంకో పిల్లకేమైనా అయితే నేను తట్టుకోలేను" అంది.

"తప్పకుండానమ్మా. కాకపోతే ఇది అందరి అభిప్రాయం తీసుకోవాల్సిన విషయం" అని నక్క ఆకుల కట్ట పట్టుకుని బాట మీదికి బయల్దేరింది.

"పరిమితి ఉండాల్సిందే" అంది చిరుత. "అయితే నాకు కాదు. నా కాళ్లు నా మాట వింటాయి. ఆ దున్నలాంటివాళ్లకి పెట్టండి."

"నేను మహా నిదానం" అంది దున్న. "ఎవడైనా నన్ను దాటిపోతేనే, అదిగో, అప్పుడు రోషం వస్తుంది. అది నా తప్పా?"

"మా పొద ముందర మాత్రం ఇరవై పెట్టండి, పిల్లలున్న ఇల్లు" అంది దుప్పి. "తక్కిన చోట ఎంతైనా నాకేం అభ్యంతరం లేదు."

"గంతులా?" అంది ఏనుగు. "పుట్టి బుద్ధెరిగాక నేనొక్క గంతు వేసి ఎరగను. ఈ చట్టం నాకు వర్తించదు."

నక్క అన్నీ శ్రద్ధగా రాసుకుంది. "అయ్యా, నాదీ రాసుకోండి" అంది ముత్తెమ్మ.

"నువ్వు బాట మీద పరుగెడతావా?"

"లేదయ్యా, దాటతాను."

"ఇవి పరుగెత్తేవాళ్ల అభిప్రాయాలమ్మా. దాటేవాళ్లకి ఆకులు కొయ్యలేదు" అని నక్క కట్ట బిగించేసింది.

ఆ కట్ట మూడు నెలలు గుహలో ఎండింది. నాలుగో నెలలో మృగరాజు బాట పక్కన కునుకు తీస్తుంటే, ఎవరో జోరుగా వెళ్తూ ఆయన తోక తొక్కారు. ఆ సాయంత్రానికల్లా అడవి అంతటా పరిమితి నలభై గంతులకు దిగింది. 'చిన్నజీవుల క్షేమమే మా ప్రాణం' అని ఉత్తర్వు కింద రాసి ఉంది.

అడవి గగ్గోలెత్తింది. "నలభైలో పోతే, పెళ్లికి బయల్దేరినవాడు బారసాలకి చేరతాడు!" అంది చిరుత. చిరుతకి ఆ నెలలో పెళ్లిళ్లూ లేవు, బారసాలలూ లేవు.

కాపలాకి ఇన్‌స్పెక్టర్ తోడేలుని వేశారు. బాట మీద అందరికీ కనబడేలా నిలబడితే అందరూ నెమ్మదిస్తారు, నెమ్మదిస్తే కేసులు రావు. అందుకని తోడేలు కొండ దిగువన, ముత్తెమ్మ దాటే చోటికి కాస్త అవతల, ఈత పొదలో దాక్కుని కూర్చునేది. దొరికినవాళ్ల చేత అక్కడికక్కడే యాభై గుంజీలు తీయించేది. ఏనుగు గుంజీలు తీసిన రోజు చుట్టుపక్కల మూడు చీమలపుట్టలు కూలాయి.

గుంజీలకి విరుగుడు రెండు రోజుల్లోనే దొరికింది. తోడేలుని దాటొచ్చినవాళ్లు, ఎదురొచ్చేవాళ్లకి తోక పైకెత్తి చూపించేవాళ్లు. తోక లేచిందంటే ముందు తోడేలుందని అర్థం. పక్క పొద తగలబడుతున్నా ఒళ్లు కదపని జంతువులు కూడా, ముక్కూ మొహం తెలియనివాళ్ల కోసం ఇక్కడ తోక ఎత్తేవి. ఆహా, ఏం ఐకమత్యం! ఇంత పరోపకారం ఆ అడవిలో మునుపెన్నడూ లేదు.

ముత్తెమ్మ ఇదంతా గమనించింది. బోర్డు చూసి నెమ్మదించినవాడు లేడు. పిల్లల్ని చూసి నెమ్మదించినవాడు అసలే లేడు. తోక చూస్తే మాత్రం అందరూ సాధుజంతువులే.

మర్నాటి నుంచి ఆమె బాట ఒడ్డున మెరకెక్కి, తన తెల్లటి తోక నిటారుగా ఎత్తి నిలబడేది. పొదలో తోడేలున్నా ఎత్తేది, లేకపోయినా ఎత్తేది.

చిరుత దూరం నుంచే ఆ తోక చూసి కాళ్లు కూడదీసుకునేది. "బతికించావు పిన్నీ!" అనేది. దున్న కూడా "చల్లగా ఉండమ్మా" అని తలూపి నెమ్మదిగా సాగేది. ఆ సందులో పిల్లలు దాటేసేవాళ్లు. కుంటిపిల్ల అందరికన్నా వెనక, తన తీరున తను దాటేది. దాన్నలా చూస్తుంటే ముత్తెమ్మకి సంతోషంతో కళ్లనీళ్లు తిరిగేవి.

నెల గడిచింది. ఒక్కరూ తోడేలుకి చిక్కలేదు. పది రోజులకే విసుగెత్తి, అది ఇంట్లో పడుకుని 'ఈరోజు కేసులు లేవు' అని ఆకు మీద రాసి పంపడం మొదలుపెట్టింది. అబద్ధం కాదు కదా మరి.

ఆ ఆకులన్నీ చూసుకుని నక్క సభ పిలిపించింది.

"మహారాజా, నెల రోజుల్లో ఒక్క ఉల్లంఘన లేదు! ఇంత క్రమశిక్షణ పక్క అడవిలో వెతికినా దొరకదు. ఇలాంటి బుద్ధిమంతులకి నలభై గంతులంటే అవమానం. ఎనభై చేద్దాం" అంది. సభ ఈలలతో, చప్పట్లతో దద్దరిల్లింది. "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగాడు మృగరాజు.

ముత్తెమ్మ ఆలోచించింది. నోరు మూసుకుంటే పిల్లలకి దారి పోతుంది. నోరు విప్పితే తన పని అయిపోతుంది. లేచి నిలబడింది.

"మహారాజా, వీళ్లు చట్టానికి నెమ్మదించలేదు. నా తోకకి నెమ్మదించారు. తోడేలుగారు లేని రోజుల్లో కూడా నేనే ఎత్తాను. మీరు ఎనభై అంటే నా పిల్లలు మిగలరు. దణ్ణం పెడతాను, పెంచకండి" అంది.

సభ చప్పబడిపోయింది. జాలితో అనుకునేరు.

"అంటే, పొదలో తోడేలు లేకుండానే మేం నెమ్మదిగా వెళ్లామా?" అంది చిరుత.

"ఎన్ని రోజులు?" అంది దున్న.

"ఇరవై" అంది ముత్తెమ్మ.

"ఇరవై రోజులు! ఉత్తపుణ్యానికి!" అని దున్న నేల తవ్వింది. "తోక మీద కూడా నమ్మకం పోతే అడవిలో ఇంకేం మిగిలింది?" అని ఏనుగు కన్నీళ్లు పెట్టుకుంది. పిన్నీ అని పిలిచిన చిరుతే అందరికన్నా గట్టిగా అరిచింది.

"ఆ ఇరవై రోజుల్లో మీలో ఎవరికైనా ఏ పనైనా ఆలస్యమైందా?" అని అడిగింది ముత్తెమ్మ. అందరూ ఆలోచించారు. ఒక్కరికీ ఒక్క పనీ గుర్తు రాలేదు. దాంతో కోపం రెట్టింపైంది.

మృగరాజు తీర్పు చెప్పాడు. పరిమితి ఎనభై. ఇన్‌స్పెక్టర్ విధులకు ఆటంకం కలిగించినందుకు కుందేలు తోకని నారతో నడుముకి కట్టెయ్యాలి. చిన్నజీవుల క్షేమం దృష్ట్యా ఆమె దాటే చోట ఒక కొత్త బోర్డు పెట్టించాలి.

మర్నాడు పొద్దున్నే బోర్డు వచ్చింది. 'కుందేళ్లు వేగముగా దాటవలెను' అని రాసి ఉంది.

ముత్తెమ్మ పిల్లలతో దాని కింద నిలబడింది. ముగ్గురు పిల్లలు ప్రాణాలుగ్గబట్టి ఒక్క పరుగున అవతలికి చేరారు. కుంటిపిల్ల ఆ బోర్డు వంక, తల్లి వంక చూసింది.

"అమ్మా, వేగంగా అంటే నాకు రాదు కదే" అంది.

"మనం తర్వాత దాటుదాంలే" అంది ముత్తెమ్మ.

ఆవల ముగ్గురు పిల్లలు, ఈవల తల్లీ కుంటిపిల్లా. మధ్యలో పొద్దుగూకే దాకా అడవి అంతా చట్టప్రకారమే వెళ్తూ ఉంది.

నీతి: ఒక నియమం పనిచేస్తోందని తెలిసిన మరుక్షణం దాన్ని ఎత్తెయ్యాలి, లేకపోతే జనం దానికి అలవాటు పడిపోతారు.