సైలోసి మాస్టారు కలుపుకున్న చుట్టరికం

జిల్లా మండలి ఎన్నికకు సైలోసి మాస్టారు వేసుకున్న పథకం చిన్నదే. పొద్దున్నే పడవెక్కి నకోరోలెవు ఊరికి వెళ్లడం, ఊరిపెద్దల ముందు ఆనవాయితీ కానుకగా, నూరి తాగే కావా వేర్ల కట్ట పెట్టడం, రోడ్డు వేయిస్తానని చెప్పి మధ్యాహ్నానికి ఇంటికి రావడం. కిందటిసారి పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. ఈసారీ ఓడితే బతికినన్నాళ్లూ ఆయన్ని "కాబోయే మెంబరు" అనే పిలుస్తారు.

"రోడ్డు సంగతి మాట్లాడి వచ్చెయ్. నోరు జారకు," అంది భార్య లుసియానా.

జారాడు. రోడ్డు మాటకు పెద్దలెవరూ తలైనా ఊపకపోయేసరికి కంగారుపడి, "అసలు మనం తౌవులం! మా నాయనమ్మ వైపు మూలదేవుడూ మీ మూలదేవుడూ ఒకరే!" అనేశాడు.

సభ ఘొల్లుమంది. తౌవులంటే ఒకరినొకరు ఎంతైనా తిట్టుకోవచ్చు, ఎదుటివాడి వస్తువు అడక్కుండా పట్టుకుపోవచ్చు. కోపం మాత్రం రాకూడదు. వచ్చిందా, చుట్టరికం బూటకమని తేలిపోతుంది.

"ముందే చెప్పొద్దూ, చామదుంప మొహమోడా!" అంటూ మెరెయోని అవ్వ ఆయన చేతి గడియారం విప్పేసుకుంది. ఇంకెవరో చొక్కా లాగారు. సైలోసి పళ్లికిలిస్తూ బనీనుతో ఇల్లు చేరాడు.

మర్నాడు నకోరోలెవు ఊరంతా పడవల్లో ఆయనింటికి దిగింది. పందులు రెండూ పోయాయి, కుర్చీలు పోయాయి. పడవ ఇంజను భుజానికెత్తుకున్నవాడు, "ఓటు నీకేలే, బట్టతలోడా!" అని భరోసా ఇచ్చాడు. లుసియానా ఏడాదిపాటు అల్లిన చాపను అవ్వ చంకన పెట్టుకుపోతుంటే సైలోసికి నిజంగానే ఏడుపొచ్చింది. అయినా నవ్వాడు.

"నవ్వు, ఇంకా నవ్వు," అంది లుసియానా.

ఎన్నికలో అపిసాయి చేతిలో నూట నలభై ఓట్ల తేడాతో ఓడిపోయాడు.

పక్కింటివాళ్ల పడవ అడిగి తీసుకుని, భార్యతో సహా నేరుగా అవ్వ ఇంటికి వెళ్లాడు. "తౌవునని ఇల్లంతా ఊడ్చేశారే, ఓటెందుకు వెయ్యలేదు?"

"ఓరి పిచ్చోడా! గెలిస్తే నువ్వు పెద్దమనిషివైపోవూ? నీ ముందు తల దించుకుని అయ్యా అనాలి. నిన్ను తిట్టకుండా మేమెట్టా బతికేది? అందుకే ఆ మూతిముడుపు అపిసాయికి వేశాం. వాడు మా తౌవు కాదు, వాణ్ణి ఎలాగూ ఏమీ అనలేం!"

ఇది ప్రేమో ద్రోహమో సైలోసికి అంతుపట్టలేదు. లుసియానా మాత్రం ఆలోచిస్తూ కూర్చోలేదు. తన చాప చుట్టేసింది. "ఆయన తౌవైతే నేనూ తౌవునేగా, బోసినోటి మేకా!" అంటూ అవ్వ పెద్ద వంటగిన్నె కూడా ఎత్తుకుంది. అవ్వ కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వక చస్తుందా!

సాయంత్రానికి ఇంజనూ కుర్చీలూ పడవెక్కాయి. పోయిన పందులు రెండు, ఎక్కినవి ఐదు.

ఆ వారమే కాబోయే మెంబరుగారు, నాయనమ్మ వైపు ఇంకెన్ని ఊళ్లు తౌవులవుతాయో ఆరా తీయడం మొదలుపెట్టారు.