పెరంబూరు నెత్తురు, ప్రపంచాభిప్రాయం

ఇకమీదట మన పోరాటం అంతర్జాతీయ స్థాయిలో నడుస్తుందని పెరంబూరు తెలుగు తరగతి పరిరక్షణ సమితి అధ్యక్షులు వరదయ్యగారు ప్రకటించారు. మైకు పనిచేయలేదు గానీ, హాజరైన పధ్నాలుగు మందికీ బాగానే వినబడింది. పిల్లలు చాలడం లేదని పేటలోని బడిలో తెలుగు తరగతి మూసేస్తారట. ఆపాలంటే విదేశీ ప్రజాభిప్రాయం మనవైపు తిరగాలి. దాన్ని తిప్పే పని బి.ఏ. ఇంగ్లీషు చదివిన గృహిణి తాయారుకు అప్పజెప్పారు.

ప్రపంచం చేతికొచ్చిన సంబరంలో ఆ పూట సాంబారులో ఉప్పు వేయడం మరిచిపోయింది తాయారు. తరగతి మూయొద్దనే అర్జీ మీద సంతకం చేయమని నలభైమంది విదేశీ ప్రొఫెసర్లకు ఈమెయిళ్లు రాసింది. ఒక్కరూ పలకలేదు.

ఆదివారం అహింసా ఊరేగింపు. దిష్టి తీయకుండా బయలుదేరితే ఎట్లా? తాయారే బూడిదగుమ్మడికాయకు కన్నం చేసి, కుంకుమ దండిగా కూరి, బడి గేటు ముందు పగలగొట్టించింది. "అహింస వర్ధిల్లాలి!" అంటూ తొలి అడుగు వేసిన ఉపాధ్యక్షుడు భక్తవత్సలం ఆ ఎర్రటి ముక్కల మీదే కాలేసి వెల్లకిలా పడ్డాడు. ఫోటోలన్నీ చూడకుండానే 'మా శాంతియుత ఊరేగింపు' అని పేరు పెట్టి నలభైమందికీ పంపేసింది తాయారు.

మర్నాటికి పదిహేడు జవాబులు! ఒకటి ఫ్రెంచిలో ఉంది. కూతురు జనని చదివి చెప్పింది: "మీ ఆశయం న్యాయమైనదే. కానీ రోడ్డు మీద ఆ నెత్తురు చూశాక ఇక్కడెవరూ మీకోసం సంతకం చేయరు."

జవాబులు వినడానికి ఇంటికొచ్చిన వరదయ్యగారు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "నిన్నటిదాకా మనం ఉండామనే తెలీనోళ్లు, ఈ పొద్దు మనల్ని ఖండిస్తా ఉండారే తాయారమ్మా!"

"అది గుమ్మడికాయని రాసేదా అన్నా?"

"రాయమ్మా, రాయి. సంతకాలు కావల్ల గదా."

దిష్టి గురించి రెండు పేజీలు రాసింది. గుమ్మడికాయ అని తెలియగానే పదహారుమంది మాట్లాడ్డం మానేశారు. ఫ్రెంచి దొరసాని మాత్రం వెంటనే రాసింది. జనని గట్టిగా చదివింది: "హింస లేదు గనుక సంతోషంగా సంతకం చేస్తాను. ఒక్క వివరం చెప్పండి. మీ సభ్యుల పిల్లలు ఎంతమంది ఆ తరగతిలో చదువుతున్నారు?"

తాయారు కూతురి వైపు తిరిగింది.

"మార్కులు వస్తాయని నన్ను ఫ్రెంచిలో చేర్పించింది నువ్వే గదమ్మా?" అంది జనని. భక్తవత్సలం కొడుకుది హిందీ. వరదయ్యగారి మనవడిది సంస్కృతం.

వరదయ్యగారు గొంతు సవరించుకున్నారు. "తాయారమ్మా... అది నెత్తురేనని రాసెయ్."

తాయారు కళ్లజోడు తుడుచుకుని లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది.

"ఎంతమంది పడ్డారని రాసేది అన్నా?"