తడిసిన తామర

పదింటికి మ్యూజియం నుంచి అధికారిణి వచ్చి తామర బొమ్మను తీసుకెళ్తుంది. ఆలోగా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆవిడకు తలుపు తానే తీయాలని పళ్ల డాక్టరు అనుకున్నాడు. రెండు వందల ఏళ్ల కిందట రాగిరేకు మీద చెక్కి, అచ్చు వేసి, ఆకు ఆకుకీ చేత్తో రంగులద్దిన బొమ్మ అది. మ్యూజియంలో దాని కింద, ఇచ్చిన దాతగా ఆయన పేరు పెడతారట. పాతికేళ్లుగా ఇలాంటివి పోగేస్తుంటే చెత్త అన్న ఇంటిల్లిపాదీ వెళ్లి ఆ పేరు చదవాలి. అదీ ఆయన కసి.

స్నానానికి పోతూ ఫ్రేము అద్దం తుడవమని బావమరిదికి చెప్పాడు. అతను పని మొదలుపెడితే అంతు చూసే రకం. అద్దం లోపలివైపు కూడా తుడుద్దామని ఫ్రేము విప్పి, బొమ్మను టీ కప్పు పక్కన పెట్టాడు. మోచెయ్యి తగిలి కప్పు ఒలికింది. అక్కను కేకేశాడు. ఆవిడ మరక ఆరకముందే బొమ్మను సబ్బునీళ్ల బకెట్లో ముంచి, జాడించి, దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేసింది.

తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చిన డాక్టరుకు తన బనీనుకీ దిండు గలీబుకీ మధ్య తామర కనిపించింది.

ఆయన గొంతు వీధి చివరిదాకా వెళ్లింది. బావమరిదిని దద్దమ్మ అన్నాడు. కప్పు అక్కడ పెట్టిందెవరని గద్దించి, తానేనని తెలిశాక ఇంకా రెచ్చిపోయాడు. అధికారిణి వచ్చి గుమ్మంలో నిలబడినా ఆగలేదు.

"చేత్తో వేసిన రంగులే అవి. లుంగీ ఉతికినట్టు ఉతికిపారేశావు కదే."

భార్యకూ ఒళ్లు మండింది. "మరక మొత్తం పోగొట్టినందుకా ఈ తిట్లు? రంగు ఒక్క చుక్కైనా దిగిందా? ముందు బకెట్లో నీళ్లు చూసి మాట్లాడండి."

డాక్టరు చూడలేదు. అధికారిణి చూసింది. దండెం దగ్గరికెళ్లి తడి ఆకును వేలితో గట్టిగా రుద్ది, వేలు చూసుకుంది.

"చేత్తో అద్దిన రంగైతే ఈపాటికి సగం బకెట్లో ఉండేదండీ. ఇది ఈమధ్య ప్రెస్సులో రంగులతో సహా అచ్చు కొట్టింది."

ఆయన పేరు రాయించి తెచ్చిన అట్టముక్కను ఆవిడ మళ్లీ సంచిలో పెట్టేసుకుంది.

డాక్టరు నోరు తెరిచాడు. కానీ బొమ్మ కొన్నది తానే. తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు. ఈలోగా బావమరిది, బీరువాలో ఉన్న మిగతా ఇరవై రెండింటినీ కూడా ముంచి చూద్దామా బావా అంటూ బకెట్ ఎత్తుకున్నాడు.

డాక్టరు తువ్వాలుతోనే పరుగెత్తి బీరువాకు తాళం వేశాడు. ఆ ఇరవై రెండూ ఈనాటికీ అసలైనవే. వాటికి నీళ్లు తగల్లేదు.